‘ఇచ్చినవాడే తీసుకున్నాడు’ అన్న మీ నాన్నగారి మాట గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. మీ నాన్నగారు బాపట్ల దగ్గర ఐదెకరాలు కౌలుకి చేస్తారు. 2023 డిసెంబరు మొదటివారంలో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు కోసిన వరి పనల మీదే నాని మొలకలొచ్చింది. ఆయన గట్టు మీద కాసేపు నిలబడి, ఇంటికొచ్చి స్నానం చేసి, దీపం పెట్టి, “ఇచ్చినవాడే తీసుకున్నాడు” అని పడుకున్నారు. హైదరాబాదులో ఉన్న మీకు మాత్రం మూడు రాత్రులు నిద్ర లేదు. సృష్టించినవాడు ఒకడున్నాడని నమ్మితే రోజూ బతికే బతుకులో నిజంగా ఏమన్నా మారుతుందా, లేక అది ఓడిపోయినవాడు తనకు తాను పాడుకునే జోలపాటా అని మీరు అడిగారు.

నేను 1979లో వ్యవసాయ శాఖలో చేరి 2013లో రిటైరయ్యాను. తత్వశాస్త్రం చదివినవాణ్ని కాదు. పురుగులూ తెగుళ్లూ చూడ్డానికి పొలాలకెళ్లి, అవి చూసిన దానికంటే రైతుల మాటలు ఎక్కువ విన్నవాణ్ని. నేనూ నమ్మేవాణ్నే, అయితే గుడికి వెళ్లడం తక్కువ. ఇది ముందే చెప్పేస్తే నా మాట ఎటు మొగ్గుతుందో మీరు చూసుకుంటారు.

ఆ 34 ఏళ్లలో ఈ విశ్వం ఎలా పుట్టిందని నన్నడిగిన రైతు ఒక్కడు లేడు. బ్రహ్మ చేశాడా, ఆరు రోజుల్లో అయిందా, మహా విస్ఫోటమా అన్నది టీవీలో రాత్రి తొమ్మిదింటి చర్చ. నమ్మినవాడి పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య ఆ ప్రశ్న ఎక్కడా రాదు. అక్కడ వచ్చే ప్రశ్న వేరు: ఇది ఎవరిది? ఈ చేను, ఈ గేదె, ఈ ఒంట్లో బలం, ఈ పిల్లలు, ఈ పంట. వీటిని ‘నావి’ అన్నప్పుడు ఆ మాటలో ఎంత బరువు పెడతాం అన్న దగ్గరే తేడా అంతా ఉంటుందని నేననుకుంటాను.

నా చిన్నప్పుడు మా కళ్లంలో నూర్పిడి అయ్యాక తూర్పారబట్టి రాశి పోసేవాళ్లు. కొలిచే ఆయన మొదటి కుంచాన్ని “ఒకటి” అనేవాడు కాదు, “లాభం” అనేవాడు. తర్వాత “రెండు, మూడు...” అని సాగేది. ఇంటికి తోలకముందే చాకలికి, మంగలికి, కుమ్మరికి, వడ్రంగికి, కమ్మరికి మేర కొలిచేవాళ్లు. అదేదో దానధర్మం అనుకోకండి, ఏడాదంతా వాళ్లు చేసిన పనికి కూలి అది, చాలా ఇళ్లలో కుంచం తలకొట్టి, అంచుకి తక్కువగానే కొలిచేవాళ్లు కూడా. కానీ రాశి మొత్తం నాదే అని కళ్లంలో నిలబడి అనగలిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. వరి పన పొరపాటున కాలికి తగిలితే మా తాత వంగి ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. ఆయన వంగుతున్నప్పుడు సృష్టికర్త గురించి ఆలోచిస్తున్నాడని నేననుకోను, ఆలోచనతో పని లేకుండానే నడుం వంగేది. ఇప్పుడు కోత మిషను చేలోకి దిగితే గంటలో ధాన్యం ట్రాక్టరెక్కుతోంది, తొక్కడానికి పన, కొలవడానికి కుంచం రెండూ లేవు. మంచిదే, నడుములు బతికాయి. కాకపోతే ఆ వంగడాలన్నీ దాంతోపాటే పోయాయి.

ఇంతవరకూ మీకు కొత్తేమీ లేదు, పెద్దవాళ్లందరూ చెప్పేదే. ఇక నన్ను చాలా ఏళ్లు తికమకపెట్టిన సంగతికి వస్తాను.

‘ఇది నాది కాదు, ఆయనది’ అనుకునే మనిషి జాగ్రత్తగా ఉంటాడని కదా మనం అనుకుంటాం? ఉద్యోగంలో నేను చూసింది చాలాచోట్ల దానికి తలకిందులు. కృష్ణా డెల్టాలో కౌలు రైతుల్ని తీసుకోండి. భూమి తనది కాదని కౌలు రైతుకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఎకరానికి ఇరవై పాతిక బస్తాలు కొలవాలి, వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు. “జీలుగ చల్లి పూతకొచ్చే వేళకి కలియదున్నండి, నేల గుల్లబారుతుంది” అని నేను చెప్తే నవ్వేవాళ్లు. “ఈ ఏడు నేను పచ్చిరొట్ట వేస్తే వచ్చే ఏడు ఇంకొకడు తింటాడు సార్.” చెరువు మట్టి తోలరు, పెంట తోలరు, యూరియా మాత్రం ఒక కట్ట ఎక్కువే వేస్తారు. తప్పు వాళ్లది కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు కూడా పదకొండు నెలలకే. పదకొండు నెలల మనిషి నేలకి పదేళ్ల మేలు చేస్తాడా?

భక్తిలోనూ అచ్చం ఇదే చూశాను. “నాలుగు రోజులుండి పోయేవాళ్లం, ఏదీ మనది కాదు” అనే వైరాగ్యం కొంతమందిని కౌలుదారుల్ని చేస్తుంది. ఇల్లు కారుతుంటే బాగుచేయించరు, ఒంటికి జబ్బు వస్తే చూపించుకోరు, పిల్ల చదువు గురించి అడిగితే పైకి చూపిస్తారు. ఈ లోకం వాళ్లకి పదకొండు నెలల కార్డు. దేవుణ్ని నమ్ముతారు, కానీ ఆయన చేసిన వస్తువు మీద మాత్రం ఇష్టం ఉండదు.

అదే మాట ఇంకో రకం మనిషి నోట విన్నప్పుడు అర్థం పూర్తిగా మారిపోతుంది. దీనికి కౌలు పోలిక సరిపోదు, పొరుగింటి గిన్నె పోలిక కావాలి. పక్కింటివాళ్లు పులుసు పోసి పంపిన గిన్నెను మన ఆడవాళ్లు ఏం చేస్తారు? మన గిన్నె కంటే ఒక పట్టు ఎక్కువ తోముతారు. ఖాళీగా తిరిగి ఇవ్వరు, ఇంకేం లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపుతారు. ఆ గిన్నె కూడా మనది కాదు, కౌలు చేనూ మనది కాదు. మరి ఒకదాన్ని పీల్చి వదిలేస్తాం, ఇంకోదాన్ని తోమి తిరిగిస్తాం, ఎందుకు? పక్కింటావిడతో మనకి మాటలున్నాయి, రేపు మొహం చూడాలి. చేను గలాయనతో కొలతే తప్ప మాటల్లేవు.

కాబట్టి మీ ప్రశ్నకి నా జవాబు ఇదీ. సృష్టికర్త ఉన్నాడని నమ్మినంత మాత్రాన చూపు మారదు. ఆ ఉన్నవాడు మనిషికి ఎవరవుతాడన్నది చూపును మారుస్తుంది. కౌలు వసూలు చేసుకునే దూరపు ఆసామి అయితే ఒకలాగ, గిన్నె పంపిన పొరుగింటి మనిషయితే ఒకలాగ.

పెద్దల గ్రంథాలు కూడా ఈ చిక్కు ఎరిగినవే. ఈశావాస్య ఉపనిషత్తు మొదటి మంత్రం ఈ కదిలే జగత్తంతా ఈశ్వరుడిదేనని చెప్పి, అక్కడితో ఆగి ‘కనుక వదిలెయ్’ అనలేదు. వదులుకుంటూ అనుభవించమంది, పరుల సొమ్ముకి ఆశపడొద్దంది. రెండో మంత్రమే పనులు చేస్తూ నూరేళ్లు బతకాలని కోరుకోమంటుంది. బైబిలు లేవీయకాండంలో 25వ అధ్యాయం నాకు మా శాఖ సర్క్యులర్‌లా కనిపిస్తుంది: భూమి దేవుడిది, మీరు ఆయన దగ్గర ఉంటున్న పరదేశులు, కాబట్టి శాశ్వతంగా అమ్మకూడదు, ఏడో ఏట నేలకి విశ్రాంతి ఇవ్వాలి. ఖురాన్ మనిషిని భూమి మీద ఖలీఫా అంటుంది, అంటే ప్రతినిధి, అప్పజెప్పినదానికి లెక్క చెప్పాల్సినవాడు. మూడూ ఒకటే చెప్తున్నాయని నేననను, అనేవాళ్లని చూస్తే నాకు కాస్త చిరాకు. కానీ ‘నీది కాదు’ అన్న మాట వెనకాలే ‘నువ్వు చూసుకో’ అన్న మాట మూడింట్లోనూ ఉంది.

ఇక దిగులు సంగతి. మీకు నిద్ర పట్టలేదు, ఆయనకి పట్టింది. నిజానికి మీ బాధంతా ఇక్కడే ఉందనిపించింది.

“నారు పోసినవాడు నీరు పోయడా” అంటారు కదా. ఎక్కువగా పిల్లల పోషణ గురించి వాడతారు, సంపాదన చాలనివాడు ఇంకో బిడ్డ పుట్టినప్పుడు అనుకునే మాట. చదువుకున్నవాళ్లకి ఇది సోమరి మాటలా వినిపిస్తుంది. ఆకుమడి దగ్గర నిలబడి వింటే అలా వినిపించదు. ఎకరానికి ఐదు సెంట్ల ఆకుమడి దున్ని, చదును చేసి, పాతిక కిలోల విత్తనాలు నానేసి, మండె కట్టి, మొలకలు చల్లి, పిట్టలు తోలి, పాతిక రోజులు కాపలా కాసిన మనిషి, ఇంకా కాలవకి నీళ్లు రాకపోతే అనే మాట అది. తను చేయగలిగింది అయిపోయింది. కాలవ తన చేతిలో లేదు. (నీళ్లు పోసేవాడు దేవుడో కాదో గానీ తూము తిప్పేవాడు లస్కరు. శివారు రైతులు ఆయన్ని కూడా దేవుడిలాగే చూసేవాళ్లు, మొక్కులతో సహా.) ఆ గట్టు మీద కూర్చుని రాత్రంతా గింజుకున్నా కాలవలో జానెడు నీళ్లు పెరగవు. అక్కడ నమ్మకం చేసే పని ఏమిటంటే, తన భాగం ఎక్కడ ముగిసిందో చూపించి, మిగతాదాన్ని దించుకోనివ్వడం.

ఆకుమడి పోయకుండానే అదే మాట అంటే దానికి వేరే సామెత మన దగ్గర సిద్ధంగా ఉంది: గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు. మహమ్మద్ ప్రవక్త ఒకతనితో ముందు ఒంటెను కట్టు, తర్వాత దేవుడి మీద భారం వెయ్యి అన్నట్టు వాళ్ల హదీసుల్లో ఉంది. గుంటూరులో నాతో పనిచేసిన ముస్లిం స్నేహితుడు ప్రతి వాక్యం చివరా ఇన్షా అల్లా అనేవాడు, కానీ ఫైలు మాత్రం గడువుకి ముందు రోజే పెట్టేవాడు. మా ఆఫీసులో అది చాలా అరుదైన లక్షణం.

దివిసీమ ఉప్పెన గురించి చెప్పకుండా ఈ విషయం మాట్లాడలేను.

1977 నవంబరు 19, శనివారం. నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చివరి ఏడాది. మూడో రోజుకి కొంతమందిమి రేపల్లె మీదుగా వెళ్లి పెనుమూడి దగ్గర పడవ దాటాం. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకి ఊళ్లు ఉప్పెన ఊడ్చేసింది. పదివేలకు పైగా మనుషులు పోయారు. చూసింది రాయను, రాయలేను. అక్కడ ఒక పెద్దాయన పరిచయమయ్యాడు, అరవై దాటిన మనిషి. భార్య, చిన్న కొడుకు కొట్టుకుపోయారు, తను తాటిచెట్టు పట్టుకుని మిగిలాడు. ఆయనకి ఒక దూడ కూడా మిగిలింది, ఎలాగో ఎవరికీ తెలియదు.

రెండేళ్ల తర్వాత నా మొదటి పోస్టింగు అవనిగడ్డ వైపే వచ్చింది, ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. కొత్త ఇల్లు, గోడకి దేవుడి గూడు, గూట్లో దీపం లేదు. దూడ పెయ్యయింది, శుభ్రంగా కడిగి ఉంది. తెలివితక్కువ వయసు నాది, “నమ్మకం పోయిందా తాతా?” అని అడిగేశాను. ఆయన నన్ను అదోలా చూసి, “మాట్టాడ్డం మానేశాను గానీ, లేడని నేనెప్పుడన్నాను?” అన్నాడు.

నలభై ఏళ్లు దాటినా ఆ మాట నన్ను వదల్లేదు. నమ్మనివాడికి ఉప్పెన అంటే గాలి, పీడనం, సముద్రపు లోతు. వాడికీ అంతే దుఃఖం, అణువంత కూడా తక్కువ కాదు. కానీ కోపగించుకోవడానికి ఎవరూ ఉండరు. నమ్మినవాడికి ఆ కోపానికి ఒక చిరునామా ఉంటుంది. గజేంద్రుడు మొసలి నోట్లో ఉండి కూడా, ఉన్నాడంటున్నవాడు అసలు ఉన్నాడో లేడో అని అనుమానపడతాడు పోతన భాగవతంలో, ఆ అనుమానాన్ని కూడా ఆయనకే వినపడేలా అంటాడు. భక్తి అంటే ఎప్పుడూ చేతులు జోడించి ఉండటమే అనుకునేవాళ్లు ఆ పద్యాన్ని కంఠస్థం చేశారు గానీ విన్నట్టు లేరు.

ఆ పెద్దాయన కథ ఇంకొంచెం ఉంది. 1990 మే 9న మళ్లీ అంత పెద్ద తుఫానే అదే తీరానికి వచ్చింది. ఈసారి పోయినవాళ్లు వెయ్యిలోపు. సముద్రం అదే, గాలి దాదాపు అదే. మధ్యలో వచ్చిన తేడా తుఫాను షెల్టర్లు, రేడియో హెచ్చరికలు, ముందే లక్షమందికి పైగా జనాన్ని తీరం నుంచి కదిలించడం. పంట నష్టం రాయడానికి వెళ్లినప్పుడు ఆయన కనిపించాడు. ఆ ఊళ్లో అందరికంటే ముందు షెల్టరుకి ఎక్కింది తనేనట, గేదెల్ని కూడా మెరకకి తోలుకుని మరీ. “పోయినసారి చెప్పలేదు. ఈసారి చెప్పాడుగా, రేడియోలో” అన్నాడు. వాతావరణ శాఖవాళ్లు వింటే ఏమంటారో. నేను మాత్రం నవ్వలేకపోయాను. గూట్లో దీపం ఉందా అని ఈసారి అడగలేదు.

ఇప్పుడు చేదు సంగతులు. నమ్మకం మంచే చేస్తుందని చెప్పి ఊరుకుంటే అది అబద్ధమే.

‘ఆయన ఇష్టం’ అనే మాట దేవుడి కంటే మనుషులకే ఎక్కువసార్లు ఉపయోగపడింది. 1997–98లో వరంగల్ వైపు పత్తి పోయి రైతులు ప్రాణాలు తీసుకుంటున్న రోజుల్లో నేను అక్కడ లేను, కానీ మా వైపూ పత్తి ఉంది, పురుగుకి పట్టని మందులున్నాయి, మొలవని విత్తనాలున్నాయి. బిల్లు లేకుండా అంటగట్టిన విత్తనం మొలవకపోతే రైతు నుదురు కొట్టుకుని “నా తలరాత” అనేవాడు. కొట్టువాడు సానుభూతిగా తలూపేవాడు. ఊపడా మరి? బ్రహ్మ మీద కేసు పెట్టలేం కదా, వాడికి అంతకంటే మంచి వకీలు ఎవరు దొరుకుతారు? ‘తుఫాను ఆయన పని, నకిలీ విత్తనం వీడి పని’ అని విడదీయలేని భక్తి దేవుడికే అపనింద తెస్తుంది. నేను చాలామందిని బిల్లు తెచ్చుకోండి, ఖాళీ సంచి దాచుకోండి అని పోరేవాణ్ని. పదిమందిలో ఒకరు దాచేవాళ్లేమో.

ఇంతకంటే పెద్దది కులం. “వాళ్లని ఆయనే అలా పుట్టించాడు” అనే మాట నేను పూజగది గుమ్మం దగ్గరే విన్నాను, మా బంధువుల నోటే విన్నాను. పుట్టు గుడ్డి బిడ్డని చూసి తల్లితో “ఏ జన్మలో పాపమో” అన్న ఓదార్పూ విన్నాను. అదే సృష్టికర్త పేరు చెప్పి అన్నమయ్య రాజు నిద్రా బంటు నిద్రా ఒకటేనన్నాడు. బ్రహ్మసమాజం పెద్ద రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు అందరికీ తండ్రి ఒక్కడే అని నమ్మారు కాబట్టే దళిత పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించారు. ఒకే నమ్మకం నుంచి రెండు దారులూ వచ్చాయి. ఏ దారిన పోవాలో నమ్మకం తనంతట తను చెప్పలేదు, మనిషే చూసుకోవాల్సి వచ్చింది.

నమ్మనివాళ్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీ ప్రశ్నలో కాస్త అపరాధభావం కనిపించింది, నమ్మలేకపోతున్నాను అని. అదేమీ మన నేలకి కొత్త కాదమ్మా. దివిసీమకి పక్కనే ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఉంది, ఎగువన అమరావతి, నాగార్జునకొండ. సృష్టికర్త అవసరం లేదన్న ధర్మం ఈ కృష్ణ ఒడ్డున వందల ఏళ్లు బతికింది, ఆ మనుషులూ వరే పండించారు. జైనులు సృష్టికర్తను ఒప్పుకోరు. వేదమే ప్రమాణమన్న మీమాంసకులకీ ఆయనతో పని పడలేదు. మన కాలంలో గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడకి మార్చారు. 1977లో దివిసీమలో నాస్తిక కేంద్రంవాళ్లూ, చర్చివాళ్లూ, మఠాలవాళ్లూ అందరూ పనిచేశారు. శవం ఎత్తేటప్పుడు అవతలి మనిషి ఏం నమ్ముతాడని ఎవరం అడగలేదు, ముక్కుకి కట్టుకున్న గుడ్డలో అందరం ఒకేలా ఉన్నాం.

అయితే తేడా ఏమీ లేదా అంటే, ఉంది. నాతో పాతికేళ్లు పనిచేసిన ఒక సహోద్యోగి గట్టి నాస్తికుడు, నా కంటే నిజాయితీపరుడు. మా ఇద్దరికీ ఒకే ఏడు మనవలు పుట్టారు. ఆసుపత్రి నుంచి వస్తూ ఆయన అన్నాడు, “చాలా సంతోషంగా ఉందండీ, కానీ ఎవరికి థ్యాంక్స్ చెప్పాలో తెలియక ఆ నర్సుకి రెండుసార్లు చెప్పాను.” నేను నర్సుకి ఒక్కసారి కూడా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. నా కృతజ్ఞతంతా నేరుగా పైకి పోయింది, మధ్యలో మనిషి కనపడలేదు. నమ్మేవాళ్లకి ఉండే ఈ జబ్బు గురించి ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నాను.

ఇక మీ నాన్నగారు. ఆయన్ని నేను చూడలేదు, మీరు రాసిన నాలుగు ముక్కలే నాకు ఆధారం. ఆయన గట్టు మీద నిలబడి చూసి వచ్చాక ఆ మాట అన్నారు, చూడకుండా అనలేదు. స్నానం చేశారు, దీపం పెట్టారు. పొద్దున్నే మళ్లీ పొలం వెళ్లి పనలు తిరగేశారని కూడా మీరే రాశారు, దాన్ని మామూలు విషయంలా ఒక్క ముక్కలో దాటేశారు. చేతకానితనమయితే పొద్దున్నే ఎవరూ పనలు తిరగేయరు. మొలకొచ్చిన ధాన్యానికి ఏ మిల్లూ ధర ఇవ్వదని తెలిసీ తిరగేశారంటే, పక్కింటి గిన్నె తోమే మనిషే అనిపిస్తోంది నాకు.

మీకు నిద్ర పట్టకపోవడం తప్పని కూడా అనను. ఆయన దించుకున్న బరువు మీ నెత్తికి ఎక్కింది. ఆ రాత్రి నిజంగా చేయాల్సిన పనులు కొన్ని మిగిలిపోయాయేమో, అందుకే మీరు మేలుకున్నారు. అవి ఏమిటో చెప్తాను, నాకు బాగా తెలిసిన భాగం ఇదే.

ప్రధానమంత్రి ఫసల్ బీమా లెక్కలో, కోసి పొలంలో ఆరబెట్టిన పంట తుఫాను వానకి పాడైతే 14 రోజుల వరకు వర్తిస్తుంది, కానీ నష్టం జరిగిన 72 గంటల్లో చెప్పాలి. ‘ఇచ్చినవాడే తీసుకున్నాడు’ అన్నది నాలుగో రోజు అనుకోవాల్సిన మాట, మొదటి మూడు రోజులు ఫోటోలు తీసి ఫోన్లు చేయాలి. ఈ పని ఆయన కంటే మీరు బాగా చేయగలరు, హైదరాబాదు నుంచి కూడా. ప్రతి సీజనులో ఈ-క్రాప్ నమోదు (ఏ చేలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం రాసుకునే లెక్క) ఆయన పేరున, కౌలుదారుగా పడిందో లేదో మీరే అడిగి కనుక్కోండి, చాలాచోట్ల అది భూమి గలాయన పేరునే పడిపోతుంది, డబ్బూ అటే పోతుంది. సాగుదారు కార్డుకి యజమాని సంతకం పెట్టడానికి భయపడతారు, భూమి పోతుందేమోనని. ఆ చట్టంలో కౌలుదారుకి భూమి మీద హక్కేమీ రాదు, పంట మీదే. ఆ సంగతి మీ నాన్నగారు చెప్తే మొహమాటం, మీరు చెప్తే వింటారేమో చూడండి.

ఇంకొకటి. ఆ యజమాని మూడేళ్లకి నోటిమాట ఇస్తాడేమో అడగమనండి. ఇస్తే ఈ వేసవిలో జీలుగ చల్లించండి. విత్తనం రాయితీ మీద ఇస్తారు, తొలకరికి ముందే వెళ్లి తెచ్చుకోవాలి, ఆలస్యమయితే అయిపోతుంది.